నలుగురి రైడ్‌లో కష్టాన్ని ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా):

సభ్యులందరికీ నమస్కారం.

నేనూ, నాతో చదువుకున్న మరో ఇద్దరూ కలిసి ఒక చిన్న ఆన్‌లైన్ ఆటను తయారు చేస్తున్నాము. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఆడుకోవచ్చు. అందులో నలుగురు సభ్యుల జట్టు కోసం ఒక రైడ్ (జట్టంతా కలిసి శత్రువులను ఓడిస్తూ పోయే పోరాటం) పెట్టాము. మూడు ఘట్టాలు, చివరి ఘట్టంలో పెద్ద బాస్ (అందరికన్నా బలమైన శత్రువు), మొత్తం మీద ముప్పావుగంటకు మించని ఆట. ఎనిమిది మందినో పది మందినో ఒకే వేళకు కూర్చోబెట్టడం మా వైపు అయ్యే పని కాదు కాబట్టి నలుగురితో సరిపెట్టాము.

పరీక్షించి చూడమని దాన్ని రెండు జట్లకు ఇచ్చాము. మొదటి జట్టు విశాఖపట్నంలోనూ హైదరాబాదులోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మా సీనియర్లది. వాళ్ళకు ఫైబర్ కనెక్షన్లు ఉన్నాయి, మంచి కంప్యూటర్లు ఉన్నాయి, ఏళ్ల తరబడి రైడ్‌లు ఆడిన అనుభవం ఉంది. రెండో జట్టు ఇక్కడిదే: మా తమ్ముడు, కాశీనగర్‌లో ఉండే మా బావ, మోహన నుంచి ఒక ఒడియా మిత్రుడు, అతని చెల్లెలు. వీరిలో ముగ్గురు ఫోన్ మీద, మొబైల్ డేటాతో ఆడతారు. సీనియర్లు మొదటి సాయంత్రమే రైడ్ పూర్తి చేసి, బాస్ హెల్త్ (చచ్చేలోపు తట్టుకోగల దెబ్బల లెక్క) రెట్టింపు చేస్తే తప్ప మళ్ళీ ఆడాలనిపించదన్నారు. రెండో జట్టు ఇప్పటికీ రెండో ఘట్టం దాటలేదు.

ఆ రెండో ఘట్టం ఇలా ఉంటుంది. గది నాలుగు మూలల్లో నాలుగు రాళ్లు ఉంటాయి. ఒక్కొక్కరి తల మీద ఒక రంగు వెలుగుతుంది, ఆ రంగు రాయి దగ్గరికి ఆ మనిషి చేరుకోవాలి. చేరగానే ఎదుటి మూలలో ఉన్నవారికి మాత్రమే కనిపించే ఒక గుర్తు వస్తుంది, దాన్ని వారు నోటితో చెప్పాలి. ఈలోపు కాళ్ల కింద ఎర్రటి వలయం పడుతుంది, సెకనులోపు అందులోంచి బయటికి రావాలి. ఇదంతా ఆరుసార్లు తిరుగుతుంది. ఏ ఒక్కరు తప్పినా జట్టంతా చస్తుంది.

బాస్ హెల్త్‌నూ, దారిలో వచ్చే శత్రువుల హెల్త్‌నూ పావు వంతు తగ్గించి చూశాము. సీనియర్లకు ఆట మరింత చప్పగా అనిపించింది, రెండో జట్టు మాత్రం పడిన చోటే పడుతోంది. సులభ స్థాయి అని వేరుగా ఒకటి పెట్టాలా, ఉన్నదాన్నే సవరించాలా, లేక రైడ్ అంటే ఇలాగే ఉంటుంది నేర్చుకోండి అని వదిలేయాలా అన్న విషయంలో మా ముగ్గురికే పొత్తు కుదరడం లేదు. తెలియని వాళ్ళతో కలిపి ఆడించే మ్యాచ్‌మేకింగ్ పెట్టాలా అన్నది ఇంకో చర్చ. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నాగావళి_ఒడ్డు (రాయగడ):

హెల్త్ తగ్గించినా రెండో జట్టు పడిన చోటే పడుతోందని మీరే రాశారు. వాళ్ళను ఆపుతున్నది హెల్త్ కాదని దాని అర్థం. రైడ్‌లో కష్టం రెండు చోట్ల ఉంటుంది. బాస్‌కు ఎంత హెల్త్ ఉంది, ఎంత గట్టిగా కొడతాడు, ఎంతసేపట్లో చంపాలి అన్నవి అంకెలు. ఎవరు ఎక్కడికి పోవాలి, ఏది చూసి ఎవరికి చెప్పాలి అన్నది సమన్వయం. ఆటలు తయారు చేసేవారి చేయి అంకెల మీదికే ముందు పోతుంది, ఎందుకంటే వాటిని మార్చడానికి ఒక్క వరుస కోడ్ చాలు.

నలుగురి జట్టులో సమన్వయం ఎంత బరువైనదో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఒక్కో మనిషి ఒక్కో రాయి దగ్గర నూటికి 95 సార్లు సరిగా చేస్తాడనుకోండి. మంచి ఆటగాడే. నలుగురూ ఒకేసారి సరిగా చేసే అవకాశం 0.95ను నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే నూటికి 81. మీ ఘట్టం ఆరుసార్లు తిరుగుతుంది కాబట్టి మొత్తం ఒక్క తప్పూ లేకుండా దాటే అవకాశం నూటికి 29 మాత్రమే. ఇప్పుడు అదే మనిషి 95 బదులు 90 సార్లు సరిగా చేస్తాడనుకుంటే ఆ 29 కాస్తా 8కి పడిపోతుంది. మనిషి ఆటలో తేడా అయిదు పాళ్లు, జట్టు ఫలితంలో తేడా మూడున్నర రెట్లు. మీ సీనియర్లకూ మీ బావకూ మధ్య నైపుణ్యంలో అగాధం ఉందని మీకు అనిపిస్తూ ఉండవచ్చు, నిజానికి ఉన్నది ఈ అయిదు పాళ్లే కావచ్చు.

పల్లకీ మోసే నలుగురిలో ఒకరి కాలు జారితే పల్లకీ ఒరుగుతుంది కానీ అక్కడికక్కడే మిగతా ముగ్గురి కాళ్లు విరగవు. మీ రైడ్‌లో విరుగుతున్నాయి. ఒకరి తప్పుకు అందరి చావు అన్న నిబంధన పెద్ద జట్ల రైడ్‌లలోనూ ఉంటుంది, కానీ అక్కడ సాధారణంగా ఒక్కో వంతులో ఒకరిద్దరి మీదే ఆ భారం పడుతుంది, మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మీ ఘట్టంలో ప్రతి వంతులోనూ ప్రతి మనిషీ ముందు నిలబడాల్సిందే.

శిక్షను మార్చి చూడండి. జట్టు మొత్తానికి కలిపి రెండు తప్పుల దాకా క్షమించి, మూడో తప్పుకు మాత్రమే వైప్ చేస్తే, అంటే జట్టునంతా చంపేస్తే, 95 పాళ్ల జట్టు నూటికి 88 సార్లు దాటుతుంది, 90 పాళ్ల జట్టు 56 సార్లు దాటుతుంది. పాత నిబంధనలో ఈ రెండు జట్ల మధ్య మూడున్నర రెట్లు ఉన్న దూరం ఇప్పుడు రెట్టింపు కూడా లేదు. బాస్ హెల్త్‌ను మీరు ముట్టుకోలేదు, రాళ్ల లెక్క మార్చలేదు, గుర్తు చూసి చెప్పవలసిన పని తీసేయలేదు. రెండో జట్టు ఆడుతున్నది సీనియర్లు ఆడిన రైడే. ప్రతి వంతులోనూ ఒక తప్పు క్షమిద్దామని మీలో ఎవరైనా అనవచ్చు, దానికి మాత్రం ఒప్పుకోకండి. అప్పుడు 90 పాళ్ల జట్టు కూడా నూటికి 72 సార్లు దాటేస్తుంది, పైగా నాలుగో మనిషి నిద్రపోయినా రైడ్ నడుస్తుంది.

ఇక సెకను సంగతి. వలయం సర్వర్ నుంచి ఆటగాడి తెరకు చేరడానికి కొంత ఆలస్యం, అతడు కదిలిన సంగతి తిరిగి సర్వర్‌కు చేరడానికి కొంత ఆలస్యం పడుతుంది. ఈ రెండూ కలిపితేనే పింగ్. పింగ్ 40 మిల్లీసెకన్లు ఉన్నవారికి మీరిచ్చిన సెకనులో 960 మిగులుతుంది, 300 ఉన్నవారికి 700 మిగులుతుంది. కంటితో చూసి వేలు కదపడానికే మనిషికి ఇంచుమించు పావు సెకను పడుతుంది. అదీ తీసేస్తే నిజంగా నడవడానికి ఒకరికి 710, ఇంకొకరికి 450 మిల్లీసెకన్లు దొరుకుతాయి. పింగ్ నిలకడగా 300 ఉంటే మనిషి దానికి అలవాటు పడి కాస్త ముందుగానే కదలడం నేర్చుకుంటాడు. మా వైపు కొండల మధ్య మొబైల్ డేటా 60కీ 400కీ మధ్య ఊగుతూ ఉంటుంది, దానికి అలవాటు పడడమన్నది ఉండదు.

వలయానికి సెకను బదులు రెండు సెకన్లు ఇవ్వమని చెప్పవచ్చు, కానీ దానికన్నా మంచి దారి ఒకటి ఉంది. దెబ్బ తగిలిందా లేదా అన్నది సర్వర్ చూసిన క్షణంలో కాకుండా ఆటగాడి తెర మీద వలయం నిండిన క్షణంలో అతడు ఎక్కడ ఉన్నాడో దాన్నిబట్టి తేల్చండి, అలా నమ్మడానికి ఒక పావు సెకను హద్దు పెట్టండి. మనిషితో మనిషి తలపడే ఆటల్లో ఈ పద్ధతి గొడవలు తెస్తుంది, ఎందుకంటే ఒకరి తెరను నమ్మితే ఇంకొకరికి అన్యాయం జరుగుతుంది. రైడ్‌లో ఎదుటనున్నది బాస్. బాస్‌కు అన్యాయం జరిగిందని ఇక్కడికి వచ్చి ఫిర్యాదు రాసేవారు ఎవరూ లేరు.

సర్వర్ ముంబైలోనో హైదరాబాదులోనో ఉందా, సింగపూర్‌లో ఉందా అన్నది కూడా రాయండి. చవగ్గా దొరికిందని దూరాన పెట్టి ఉంటే ముందు దాన్ని మార్చుకోండి.

బరంపురం_పట్టు (బరంపురం, గంజాం జిల్లా):

నాగావళి గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ సీనియర్ల ఫిర్యాదుకు అందులో జవాబు లేదు. సడలించిన రైడ్‌ను వాళ్ళు మొదటి సాయంత్రం కాదు, మొదటి అరగంటలోనే ముగిస్తారు.

ఈ ప్రశ్నను పెద్ద ఆటలు ఎలా తేల్చుకున్నాయో చూడడం మంచిది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో మొదలైనప్పుడు దాని పెద్ద రైడ్‌లు నలభై మందివి. నలభైలో అయిదారుగురు పరధ్యానంగా ఉన్నా మిగతావాళ్ళు లాక్కుపోయేవారు, అసలు కష్టమంతా నలభై మందిని ఒక రాత్రికి పోగు చేయడంలోనే ఉండేది. 2007 విస్తరణలో (ఆటకు తర్వాత చేర్చిన పెద్ద భాగంలో) పదిమందికి కరాజాన్ అనే రైడ్ వచ్చింది, 2008 నుంచి కొత్త రైడ్‌లను పదిమందీ ఆడవచ్చు, ఇరవై అయిదుమందీ ఆడవచ్చు అన్నారు. 2011 చివరలో ఎవరితోనూ పరిచయం లేకపోయినా వరుసలో నిలబడి రైడ్ చూసి రాగలిగే ఏర్పాటు పెట్టారు. 2013లో పది నుంచి ఇరవై అయిదు మధ్య ఎంతమంది వస్తే అంతమందికి తగ్గట్టు అంకెలు వాటంతట అవే మారే పద్ధతి తెచ్చారు. అయితే 2014లో అన్నిటికన్నా కఠినమైన మిథిక్ స్థాయిని మాత్రం ఇరవై మందికే ఖాయం చేశారు, పంతొమ్మిది మందితో లోపలికి పోయినా అంకెలు తగ్గవు. ఎంతమంది వస్తారో తెలియనప్పుడు అంకెలను సాగదీయవచ్చు గానీ, ఫలానా పనికి ఫలానా అంతమంది కావాలన్న పద్ధతిలో అల్లిన పోరాటాన్ని సాగదీయడం కుదరదు.

మీ జట్టు నలుగురిది కాబట్టి ఈ చిక్కు ఇంకా పెద్దది. ఇరవై మందిలో ఒకరు తగ్గితే అయిదు పాళ్లు, నలుగురిలో ఒకరు తగ్గితే ఇరవై అయిదు పాళ్లు. 2018లో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వరల్డ్ కూడా నలుగురి ఆటే. అందులో ఒక్కరుంటే ఒక లెక్క, ఇద్దరున్నా నలుగురున్నా ఇంకో లెక్క ఉండేది, దాంతో ఇద్దరు స్నేహితులు కలిసి వేటకు పోతే నలుగురికి సరిపడే మృగాన్ని మోయవలసి వచ్చేది. 2019 విస్తరణలో ఇద్దరికి వేరే లెక్క కట్టారు. అంత పెద్ద సంస్థకే ఆలస్యంగా తట్టిన విషయం ఇది, మీరు మొదటే ఆలోచించుకోండి.

ఇక స్థాయిల విషయంలో నా అభిప్రాయం గట్టిది. సులభం, మధ్యమం, కఠినం, అతి కఠినం అని నాలుగు గుమ్మాలు పెట్టకండి. లక్షల మంది ఆడే ఆటకు అవి తగుతాయి. మీ ఆటను ఒక సాయంత్రం వందమంది ఆడితే గొప్ప. ఆ వందమందిని నాలుగు వరుసలుగా చీలిస్తే ఏ వరుసలోనూ నలుగురు పోగవరు. రెండు చాలు. మొదటిది అందరిదీ, నాగావళి గారు చెప్పిన క్షమతో ఉండాలి. రెండోది సీనియర్ల కోసం, అందులో హెల్త్ పెంచడం కాకుండా నియమాలే మార్చండి: రాళ్ల రంగులు మధ్యలో తారుమారు కావాలి, గుర్తును ఎదుటి మూలకు బదులు పక్క మూలకు చెప్పవలసి రావాలి, క్షమ అసలు ఉండకూడదు. ఫైనల్ ఫ్యాంటసీ 14లో ఎనిమిది మంది రైడ్‌లకు మామూలు స్థాయి ఒకటి, సావేజ్ అనే స్థాయి ఒకటి ఉంటాయి. కథ మొత్తం మామూలు స్థాయిలోనే దొరుకుతుంది. సావేజ్‌కు పోయేవాళ్ళు కథ కోసం పోరు, బాస్ కొత్తగా నేర్చుకున్న విద్యల కోసం పోతారు. బాస్ హెల్త్ రెట్టింపు చేయమని మీ సీనియర్లు అడిగారన్నారు, పాపం వాళ్ళు అడగడం తెలియక అడిగారు. అదే పనిని రెండింతల సేపు చేయించమని ఎవరైనా కోరుకుంటారా?

కాలాన్ని కూడా వాడుకోవచ్చు. వార్‌క్రాఫ్ట్‌లోని ఐస్‌క్రౌన్ సిటడెల్ రైడ్‌లో 2010లో ఆటగాళ్లందరికీ నూటికి అయిదు పాళ్లు బలం పెంచి, నెలలు గడిచేకొద్దీ దాన్ని ముప్పై పాళ్ల దాకా తీసుకుపోయారు. వద్దనుకున్న జట్టు దాన్ని ఆపుకోవచ్చు కూడా. ముందు దాటినవాళ్ళకు ముందు దాటామన్న పేరు మిగిలింది, వెనకవాళ్ళకు తలుపు తెరుచుకుంది. నాకు తెలిసినంతలో రైడ్‌ల చరిత్రలో ఇంత తెలివైన సర్దుబాటు మరొకటి లేదు.

మ్యాచ్‌మేకింగ్ మాత్రం ఇప్పుడే వద్దు. 2014లో డెస్టినీ అనే ఆట తన ఆరుగురి రైడ్‌ను మ్యాచ్‌మేకింగ్ లేకుండానే వదిలింది, జనం బయట వెబ్‌సైట్లలో జట్లు వెతుక్కున్నారు. అది సంస్థ గొప్పతనమని నేను అనను, కానీ నోటితో గుర్తులు చెప్పుకోవలసిన రైడ్‌లో ముక్కూమొహం తెలియని నలుగురిని పడేస్తే జరిగేదేమిటో ఊహించుకోవడం కష్టం కాదు.

ప్రాణహిత_గోదారి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా):

పైన ఇద్దరూ ఆట లోపలి కష్టం గురించి రాశారు. నేను తెర మీది కష్టం గురించి రాస్తాను, ఎందుకంటే మా జట్టులో అందరమూ ఫోన్ మీదే ఆడతాము.

ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో ఆడేవారికి తెరలో కింది రెండు మూలలూ కనిపించవు. ఎడమ బొటనవేలు నడిపే చక్రం మీద ఉంటుంది, కుడి బొటనవేలు దాడి బొత్తాల మీద ఉంటుంది. మీ ఎర్ర వలయం కాళ్ల కింద పడుతుందన్నారు. మనిషి బొమ్మ తెర మధ్యలో ఉన్నంతవరకు పరవాలేదు, కానీ మూలనున్న రాయి దగ్గరికి పోగానే కెమెరా గోడకు తగిలి బొమ్మ కిందికి జారితే ఆ వలయం సరిగ్గా బొటనవేలి కిందికి వస్తుంది. మీ తమ్ముడు ఆడుతున్నప్పుడు పక్కన కూర్చుని తెరను కాదు, వేళ్లను చూడండి. వలయంతో పాటు తెర అంచంతా ఎర్రబడేలా, ఫోన్ ఒకసారి కంపించేలా చేస్తే ఈ చిక్కు పోతుంది.

రంగుల మీద ఆధారపడడం కూడా మానండి. మా జట్టులో ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని మిత్రుడు ఒకడున్నాడు, మీ రెండో ఘట్టంలో అతడు ఎన్ని నెలలు ఆడినా ఊహించి నిలబడవలసిందే. రంగు ఉంచండి, దానితో పాటు ఆకారం ఇవ్వండి: త్రికోణం, వృత్తం, చతురస్రం, నక్షత్రం. సీనియర్లకు దీనివల్ల ఆట సులభం కాదు, వాళ్ళు ముందు నుంచీ చూస్తున్నదే చూస్తారు.

గుర్తులను నోటితోనే చెప్పాలన్న నియమమూ అంతే. మీ జట్టులోనే తెలుగు వాళ్ళూ ఒడియా వాళ్ళూ ఉన్నారు. మా వైపు తెలుగు, మరాఠీ, గోండి మూడూ ఒకే గదిలో వినిపిస్తాయి. వాయిస్ చాట్ పెడితే డేటా మీద మరికొంత భారం, మైకు దగ్గర ఫ్యాను చప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు పడుకుని ఉంటే అసలు నోరు తెరవడానికే లేదు. చెవుడు ఉన్నవారి సంగతి సరేసరి. గుర్తును నొక్కితే ఎదుటివారి తెర మీద ఆ గుర్తు వెలిగే బొత్తం ఒకటి పెట్టండి. ఎవరు ఎవరికి ఏం చెప్పాలో గుర్తుపెట్టుకునే కష్టం అలాగే ఉంటుంది, గొంతు ఎత్తే కష్టమే పోతుంది.

ఇంకొక సంగతి ఆటలు చేసేవారు సాధారణంగా చూడరు. పదివేల రూపాయల ఫోన్ అరగంట ఆడేసరికి వేడెక్కుతుంది, వేడెక్కగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, బొమ్మలు తడబడతాయి. మీ రైడ్ ముప్పావుగంట, పెద్ద బాస్ చివర్లో. అంటే అన్నిటికన్నా చురుగ్గా ఉండవలసిన వేళకు ఫోన్ అన్నిటికన్నా మందకొడిగా ఉంటుంది. నిప్పులూ మెరుపులూ ఎక్కువగా ఉన్న దృశ్యాలను మొదటి ఘట్టంలోకి మార్చండి, చివరి బాస్ గదిని సాదాగా ఉంచండి. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య చెక్‌పాయింట్ ఉంటే ఫోన్‌ను కాసేపు పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

వానాకాలంలో కరెంటు పోవడం గురించి మీకు చెప్పనక్కరలేదు. వైఫై పోయి ఫోన్ డేటాకు మారడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం పాటు ఆ మనిషి బొమ్మ నిలబడిన చోటే క్షేమంగా ఉండి, నాలుగో రాయి ఆరిపోయి, మిగతా ముగ్గురూ మూడు రాళ్లతో సాగించేలా చేయగలరా? తెగిపోయిన మనిషి తిరిగి వచ్చేసరికి రైడ్ ముగిసిపోతే ఆ జట్టు ఇంకొక సాయంత్రం కుదుర్చుకోవాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ముగ్గురికీ ధన్యవాదాలు. సర్వర్ సింగపూర్‌లోనే ఉంది, అది మారుస్తాము. వేళ్లను చూడమన్న మాట చదివి వెంటనే తమ్ముడి పక్కన కూర్చున్నాను. ఆగ్నేయ మూలలోని రాయి దగ్గర వలయంలో సగం కుడి బొటనవేలి కిందే ఉంది, వాడికి ఇన్నాళ్లూ అది పూర్తి వలయమని కూడా తెలియదు.

మా ముగ్గురి మధ్య రెండు సందేహాలు మిగిలాయి. జట్టు మొత్తానికి రెండు తప్పులని పెడితే, ఆ రెండూ ఒకే మనిషి వల్ల పోయినప్పుడు మిగతా ముగ్గురు అతడి మీద పడరా? అందరూ చచ్చే పాత పద్ధతిలో కనీసం ఎవరి వల్ల అన్నది ఆ గందరగోళంలో కొట్టుకుపోయేది. రెండోది, నాలుగో రాయి ఆరిపోవాలన్న ఏర్పాటును సీనియర్లు కావాలని వాడుకోరా? ఒకరు వైఫై ఆపేస్తే మూడు రాళ్లతో ఘట్టం దాటవచ్చు కదా.

నాగావళి_ఒడ్డు (రాయగడ):

రెండో సందేహం తేలికైనది. ఒకరు తెగిపోతే రాయి ఆరిపోనివ్వండి గానీ హెల్త్ తగ్గించకండి. జట్టు చేసే డ్యామేజ్‌లో నాలుగో వంతు పోతుంది కాబట్టి కావాలని తెంచుకున్నవారికి ఘట్టం సాగుతుందే తప్ప లాభం రాదు. బరంపురం గారు చెప్పిన కఠిన స్థాయిలో ఆ ఏర్పాటు అసలు పెట్టకండి, అక్కడికి పోయేవాళ్ళు కరెంటు చూసుకునే పోతారు.

మొదటి సందేహం నిజమైనదే. చిన్న జట్లు విరిగిపోయేది బాస్ వల్ల కన్నా ఆ మాటల వల్లే ఎక్కువ, అందులోనూ బావమరుదులు ఆడే జట్టయితే అది పండగ భోజనాల దాకా పోతుంది. క్షమించే రెండు తప్పులకు గుర్తుగా జట్టు తెర మీద రెండు దీపాలు పెట్టి, తప్పు జరిగినప్పుడు ఒక దీపం ఆరిందని మాత్రమే చూపండి, పేరు చూపకండి. తప్పు చేసిన మనిషికి మాత్రం అతడి తెర మీదే, అతడికి మాత్రమే, ఏం జరిగిందో స్పష్టంగా చెప్పండి: వేరే రాయి దగ్గర నిలబడ్డారు, లేదా సరైన రాయే కానీ ఆలస్యమైంది, లేదా వలయంలోంచి బయటికి రాలేదు. చాలా రైడ్‌లలో కొత్తవాళ్ళు నేర్చుకోలేకపోవడానికి కారణం మందబుద్ధి కాదు, తాము ఎందుకు చచ్చామో వాళ్ళకు ఎవరూ చెప్పకపోవడం.

దీపాలు రెండూ ఆరి వైప్ అయిన జట్టుకు మరుసటి ప్రయత్నంలో మూడో దీపం ఇవ్వవచ్చు, ఆ తర్వాత నాలుగోది. ఫైనల్ ఫ్యాంటసీలో కథలో భాగమైన కొన్ని పోరాటాల్లో ఓడిన జట్టుకు ఎకో అనే బలం వస్తుంది, సావేజ్ కొత్తగా వచ్చినప్పుడు అది ఉండదు. అక్కడ వాళ్ళు అంకెలను పెంచారు, మీరు దీపాలను పెంచండి, ఎందుకంటే మీ జట్టు పడుతున్నది అంకెల దగ్గర కాదు. అయితే నాలుగు దీపాల దగ్గర ఆపేయండి. ఎన్ని తప్పులైనా చేయవచ్చన్న సంగతి తెలిసిపోతే గుర్తులు చెప్పుకోవడం మానేసి పరుగెత్తడం మొదలుపెడతారు.

ఇదంతా చేసే ముందు ఒక పని చేయండి. రెండో ఘట్టంలో జరిగే ప్రతి తప్పునూ, ఏ రకం తప్పో, ఆ క్షణంలో పింగ్ ఎంత ఉందో, ఫోనా కంప్యూటరా అన్నది సర్వర్‌లో నమోదయ్యేలా పెట్టండి. తప్పుల్లో ఎక్కువ భాగం వేరే రాయి దగ్గర నిలబడడం వల్ల అయితే అది మీరు కోరి పెట్టిన కష్టం, దాన్ని ముట్టుకోకండి, జనం నేర్చుకుంటారు. సరైన రాయే కానీ ఆలస్యమైందన్నవి ఎక్కువగా ఉంటే అది మీరు పెట్టిన కష్టం కాదు, టవర్ పెట్టినది. మీ బావ ఫోన్ మీద ఆడినప్పటి లెక్కనూ, అదే మనిషి మీ ఇంటికి వచ్చి కంప్యూటర్ మీద ఆడినప్పటి లెక్కనూ విడివిడిగా ఉంచండి. ఆ రెండింటి మధ్య తేడా ఎంతో చూస్తే సీనియర్లకూ వీళ్ళకూ మధ్య ఉన్న అంతరంలో ఎంత భాగం చేతిదో, ఎంత భాగం ఫోన్‌దో తెలిసిపోతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

నమోదు పెట్టే పని ఈ రాత్రే మొదలుపెడుతున్నాము. ఆకారాలూ, గుర్తు బొత్తమూ, తెర అంచు ఎర్రబడడమూ వచ్చే ఆదివారం లోపు సిద్ధమవుతాయి, దీపాలకు ఇంకొంత సమయం పడుతుంది. ఆదివారం రాత్రి భోజనాల తర్వాత మీ ముగ్గురికీ వీలైతే మా తమ్ముడితో కలిపి సరిగ్గా నలుగురవుతారు. ప్రాణహిత గారు ఫోన్ మీద, మిగతా ఇద్దరూ కంప్యూటర్ మీద ఆడితే మాకు కావలసిన లెక్కలు ఒకే సాయంత్రం దొరుకుతాయి. నేను ఆడను, తమ్ముడి వేళ్లు చూస్తూ కూర్చుంటాను.